మా అన్నకూ తమ్ముడికీ మధ్య సీటు

మా అన్న ఆండర్సన్‌పేటలో ఆటో తోలుతాడు. తమ్ముడు రోజూ పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకి పనికి పోతాడు. ఇద్దరి ఇళ్లూ ఒకే వీధిలో ఉన్నాయి. అయినా నాన్న పోయాక ఆరేళ్లు వాళ్ల మధ్య మాటల్లేవు.

గొడవ నాన్న శవం ముందే మొదలైంది. బంగారు గనిలో పనిచేసినన్నాళ్లూ పీల్చిన దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. ఆఖరి మూడేళ్లు మంచం దిగలేదు. దగ్గినప్పుడల్లా గిన్నె పట్టింది తమ్ముడు. అన్న పండగలకి వచ్చి, వాకిట్లోనే పలకరించి పోయేవాడు. పాడె లేచే వేళకి మాత్రం తడిబట్టలతో ముందుకొచ్చాడు.

"పెద్దోణ్ణి నేను. నిప్పుకుండ నేనే పట్టాల," అన్నాడు.

"గిన్నె పట్టేటప్పుడు యాడికి పోయినాడు ఈ పెద్దోడు?" అన్నాడు తమ్ముడు.

చెరోవైపు లాగారు. కుండ పగిలి నిప్పులు తమ్ముడి పాదం మీద పడ్డాయి. నాన్న గంటసేపు వీధిలోనే పడి ఉన్నాడు. చివరికి మా మేనమామ వేరే కుండ తెప్పించి, తానే పట్టుకుని నడిచాడు.

నా కాపురం కామసముద్రంలో. పోయిన ఏడాది ఒక సినిమా వచ్చింది. అన్నదమ్ముల కథ, కడుపుబ్బ నవ్వొస్తుందని పక్కింటామె చెప్పింది. అంతకు మించి నేను అడగలేదు. ఇద్దరూ ఒకచోట కూర్చుని నవ్వితే మాట దానంతటదే వస్తుందనుకున్నాను. ఇంటాయనకి తీరిక లేదని, తోడు రమ్మని ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాను.

అది మధ్యాహ్నం ఆట. అన్న ముందే వచ్చి నా ఎడమ పక్కన కూర్చున్నాడు. దీపాలు ఆరాక తమ్ముడు కుడి పక్కకి వచ్చాడు. తెర వెలుగులో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లేచిపోతారేమోనని చెరో చెయ్యీ పట్టుకున్నాను.

సినిమాలో ఇద్దరన్నదమ్ములు తండ్రి శవాన్ని టెంపోలో సొంతూరికి తీసుకుపోతుంటారు. దారిలో దిగి కొట్టుకుంటారు. ఈలోగా టెంపో శవంతో సహా పల్లంలోకి దొర్లిపోతుంది. హాలంతా పగలబడి నవ్వింది. వెనక ఎవరో ఈల వేశారు. మావాళ్లిద్దరూ ఒకేసారి చేతులు విడిపించుకున్నారు.

ఇంటర్వెల్లో బయటికి వచ్చాక తమ్ముడు అడిగాడు.

"మమ్మల్ని చూసి నవ్వేదానికి పిలిచినావా అక్కా?"

"నాకు కథ తెలీదప్పా."

"తెలీకుండానే ఇద్దరికీ అబద్ధం చెప్పినావా?" ఈసారి అడిగింది అన్న. "నాయన సావు నీకు నవ్వులాటగా ఉండాదా?"

నేను ఏదో చెప్పబోయాను. తమ్ముడు అటు తిరిగి, "రాన్నా, పోదాం," అన్నాడు. ఇద్దరూ అన్న ఆటోలోనే వెళ్లిపోయారు. నేను ఎండలో బస్సు కోసం నిలబడ్డాను.

ఇప్పుడు తమ్ముణ్ణి రోజూ స్టేషన్లో దించేది అన్నే. మొన్న నాన్న తిథి ఇద్దరూ కలిసి పెట్టారట. నాకు కబురు లేదు. వదినకి ఫోన్ చేస్తే, "నిన్ను పిలవద్దంటారమ్మా. నేనేం చేసేది ఇంగ?" అంది.

నువ్వు కోరుకుందీ అదే కదా అంటాడు ఇంటాయన. కాదనలేను. కానీ వాళ్లు పగవాళ్లుగా ఉన్నన్నాళ్లూ నేను పేటకి పోతే రెండిళ్లలోనూ నాకు కంచం పెట్టేవాళ్లు.