విప్పిన బొంత

నేను ఒకేసారి నాలుగు బొంతలు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చేయలేదని మా అత్తగారింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. మూడు పూర్తి చేశాను, ఆ మూడూ వాళ్ళే కప్పుకున్నారు.

తొంభైల చివర్లో ఒక ఏడు వాన రాక చెనిక్కాయ పంట ఎండిపోయింది. చేలో పని లేదు, చలికాలం వస్తోంది. పురిటికి వచ్చిన ఆడబిడ్డకు ఒక బొంత, బెంగళూరికి కూలికి పోయే మరిదికి ఒకటి, తోటలో బోరు దగ్గర పడుకునే మామకు ఒకటి. ఎవరికి వారు "నాది ముందు" అంటుంటే పొద్దున ఒకదాంట్లో, సాయంత్రం ఇంకోదాంట్లో సూది దింపేదాన్ని. నాలుగోది నాకు. దాని మధ్య పొరగా, డిగ్రీ పరీక్షలకు కట్టుకుపోయిన నీలం నూలు చీర పరిచాను.

పుట్టింటికి పోయి రెండు రోజులకు తిరిగొస్తే నా బొంత కుట్లు విప్పేసి ఉన్నాయి. చీర లేదు. విప్పిన దారం మాత్రం జాగ్రత్తగా ఉండ చుట్టి పెట్టారు.

"మీ మామ బొంతకు ఒక పొర తక్కువైంటే ఏసినాం. లోపల ఉండేదానికి యా చీరైతే ఏమ్మా?" అంది అత్త.

"యా చీరైనా ఒకటే అయితే నీది ఎయ్యొచ్చు కదత్తా?"

"సరే, పోయి విప్పుకో. ముసలాయన చలికి వణకతా పండుకుంటాడులే."

విప్పలేకపోయాను. నా బొంత పెట్టెలో అట్లాగే ఉంది. దాన్నే చూపించి నన్ను సోమరి అంటారు. నాలుగూ నా చేతి కుట్లే కదా, వాటిలో విప్పదగ్గది నాదొక్కటేనని ఎవరు తేల్చారు?