బావి గిలక పెన్ను

ఈ ఉదయం నల్లతుమ్మ ముక్కనొకదాన్ని లేత్ మీద ఎక్కించి ఉలి ఆనించాను. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి మోచేతుల మీద పడింది, దాంతోపాటే వాసనా లేచింది. కాస్త వగరు, కాస్త పులుపు, అడుగున ఎక్కడో తడి మట్టి. ఆ వాసన తగిలితే నా చెయ్యి ఆగిపోతుంది. లేత్ కట్టేసి కాసేపు స్టూలు మీద కూర్చుంటాను. మా మొదలాళి గుర్తొస్తారు. మా కోయంబత్తూరు వైపు యజమానిని అలాగే పిలుస్తాం. ఆయన పేరు రంగసామి నాయుడు. ఆ పేరుతో ఆయన్ని పిలిచే ధైర్యం ఉన్న మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆ మనిషితోనే మొదలాళికి మాటల్లేకుండా పోయాయి.

పెళ్లికి ముందే నేను మొదలాళి పంపుల వర్క్‌షాపులో మోటార్లకు రాగి తీగ చుట్టే పనిలో చేరాను. మా ఇంట్లోనూ తెలుగే, వాళ్లింట్లోనూ తెలుగే, అయినా పని దగ్గర అందరం అరవంలోనే మాట్లాడుకునేవాళ్లం. ఆయనకు కోపం వచ్చినప్పుడు మాత్రం తెలుగు వచ్చేది. అంటే రోజూ వచ్చేదన్నమాట. ముక్కు మీద కోపం, నాలుక మీద కారం. తిట్టిన గంటకు పిలిచి టీ ఇప్పించేవారు గానీ, తప్పయిందన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆ మాటకు బదులు టీ వచ్చిందని మేమే అర్థం చేసుకుని తాగేవాళ్లం.

పెద్ద కంపెనీల పోటీకి నిలవలేక వర్క్‌షాపు మూతపడింది. యంత్రాలన్నీ అమ్మేసి, అన్నిటికన్నా చిన్న లేత్‌ను మాత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నారు. ఇనుము పోయి చెక్క వచ్చింది. పెన్నుల కిట్లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఇత్తడి గొట్టాలు, క్లిప్పు, మొన, రీఫిలు, అన్నీ పొట్లంలో తయారుగా వస్తాయి. పెన్నుకు ఒళ్లు మాత్రం మనం చెక్కతో చేసుకోవాలి. పనిలేక ఇంట్లో కూర్చున్న నన్ను పిలిపించారు. మా వైపు ఆడపిల్లల్ని ముద్దుగా పిలిచే అమ్మిణీ అన్న మాటతోనే నన్నెప్పుడూ పిలిచేవారు.

"అమ్మిణీ, తీగ చుట్టిన చెయ్యి సుమ్మా, ఊరికే ఉండకూడదు. ఇది నేర్చుకుంటావా?"

"నాకు వస్తుందా మొదలాళీ?"

"రాకపోతే తిడతాను. అప్పుడు వస్తుంది."

తిట్టలేదు. అదే నాకు వింత. మనుషుల దగ్గర క్షణం ఓపిక లేని మనిషి చెక్క దగ్గర తాబేలైపోయేవారు. కొంగు దోపుకుని, జడ ముడి వేసుకుంటే తప్ప లేత్ దగ్గరికి రానిచ్చేవారు కాదు. ముక్కను రెండుగా కోసే ముందు పెన్సిల్‌తో బాణం గుర్తు వేయాలి. అలా వేస్తేనే పైభాగంలోని చార కింది భాగంలోకి తెగకుండా దిగుతుంది. ఒకసారి గుర్తు వేయడం మరిచిపోయి, ఒక సగాన్ని తలకిందులుగా బిగించాను. చూసి, "తల ఒకరిది, కాళ్లు ఒకరివి" అని నవ్వి ఊరుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, చెక్క ఆరాలి. పచ్చి చెక్కలో గొట్టం అతికించి పెన్ను చేస్తే ఈరోజు అద్దంలా ఉంటుంది, రేపు ఎండాకాలం రాగానే నిలువునా బీటలిస్తుంది. "నిదానమే ప్రధానం అమ్మిణీ" అనేవారు. ఈ పనిలో ఈరోజు నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ ఒక్క మాట వల్లే.

ఒక ఎండాకాలం మొదలాళి వదిన, అంటే ఆయన అన్న భార్య, ఆండిపట్టి దగ్గరి ఊరి నుంచి ఏదో పెళ్లికి వచ్చి, దారిలో షెడ్డుకు వచ్చింది. చేతిలో గోనెసంచి. అందులోంచి నల్లగా, నీరు కారుతున్న నల్లతుమ్మ చెక్క గిలకను తీసి నేల మీద పెట్టింది.

"బావి పూడిక తీస్తుంటే దొరికె మరిదీ. మన కపిలి గిలక. పొయ్యిలోకి కొడదామనిరి. నీకు కావాల్సి వస్తుందేమోనని ఎత్తుకొస్తిని."

మొదలాళి దాన్ని ముట్టుకోలేదు. "అన్న ఎట్ల ఉండాడు?" అని మాత్రం అడిగారు.

"ఉండాడు. నువ్వొచ్చి చూసేది."

ఆమె వెళ్లిపోయాక, నేను అడక్కుండానే చెప్పారు. చిన్నప్పుడు బావిలోంచి నీళ్లు తోడడానికి ఎద్దుల కపిలి ఉండేది. తోలు బాన తాడు ఈ గిలక మీదుగా నడిచేది. ఎద్దులు తోలడానికి మనిషి కావాల్సి వచ్చి అన్నను బడి మాన్పించారు, తమ్ముణ్ణి చదివించారు. తర్వాత తమ్ముడు కోయంబత్తూరులో పంపులు చేసి, మొట్టమొదటి మోటారును ఆ బావికే పంపాడు. అంతా బాగానే ఉంది. పొలం పంపకాల రోజు రిజిస్ట్రారు ఆఫీసులో, బావి గట్టు కొలత దగ్గర మాటా మాటా పెరిగింది.

"నలుగురి ముందర అనేసినా అమ్మిణీ. వేలిముద్రగాడికి కొలతలేం తెలుసునని."

అన్న బొటనవేలికి అంటిన సిరా పంచెకు తుడుచుకుని బయటికి నడిచాడట. అప్పటి నుంచి ఈయన అటు వెళ్లలేదు, ఆయన ఇటు రాలేదు.

ఆ గిలకలోంచి ఒక పెన్ను చేసి అన్నకు ఇవ్వాలని మొదలాళి నిశ్చయించుకున్నారు. ముక్క కోసి, బాణం గుర్తు వేసి, పోస్టల్ తక్కెడలో తూచి, ఆ బరువును చెక్క మీదే పెన్సిల్‌తో రాశారు. బరువు తగ్గడం ఆగిందంటే చెక్క ఆరినట్టు. అటక మీద గాలి తగిలే చోట పెట్టి, అప్పుడప్పుడు తీసి తూచేవాళ్లం. ఒక ఎండాకాలం పోయింది. ఇంకొకటీ పోయింది. బరువు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒకచోట నిలిచిపోయింది.

"మొదలాళీ, ముక్క ఆరిపోయింది. బరువు కదలడం లేదు" అన్నాను.

"ఎన్నేండ్లు నీళ్లలో ఉండాది! లోపల తడి ఉంటుంది. ఇంకో ఎండాకాలం చూడాము."

ఆ తర్వాతి ఎండాకాలమూ అదే జవాబు. నాకూ విసుగొచ్చింది. ఆ చెక్కలో ఏ తడీ లేదని ఆయన చేతికి తెలియదా? నాకు నేర్పిన చెయ్యి కదా అది!

"పేనా సంగతి తర్వాత. ఒక్కసారి వెళ్లి నోటితో చెప్పి రాకూడదా?" అనేశాను.

"నోటితోనే కదా చెడింది."

నా వైపు చూడకుండా మళ్లీ అన్నారు. "సంతకం రానోడికి పేనా తీసుకుపోయి ఇస్తే ఏమనుకుంటాడు? మళ్లీ గుచ్చడానికి వచ్చినాడు అనుకోడా?"

అప్పుడు నాకు అర్థమైంది. ఆరనిది చెక్క కాదు, ఆయన భయం. మోటారు కాలిపోయినా బెదరని మనిషి, అన్న ముఖానికి భయపడ్డారు.

ఒక పొద్దున్న ఫోను వచ్చింది. అన్న పోయాడు.

కారు వచ్చి గుమ్మం ముందు నిలబడింది. మొదలాళి కారెక్కకుండా నేరుగా షెడ్డులోకి వెళ్లారు. అటక మీది ముక్క దించి, తొలిచి, గొట్టాలు అతికించి, లేత్ మీద ఎక్కించారు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.  ఉలి కింద చెక్క వెన్నలా దిగింది. ఎక్కడా బీట లేదు, తడి లేదు. నల్లటి చార ఒకటి పైనుంచి కింది దాకా తెగకుండా దిగింది. ఆయన చేతుల్లోంచి వచ్చిన పెన్నుల్లో అంత అందమైనదాన్ని నేను ఇంకొకటి చూడలేదు. చూసినకొద్దీ ఏడుపొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా అనిపించింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, "నువ్వూ రా అమ్మిణీ" అన్నారు.

ఊళ్లో వాకిట్లో జనం ఆయనకు దారి ఇచ్చారు. పంగాళి, అంటే దాయాది, మాటల్లేకపోయినా చావుకు దూరం కాడు. పోయిన మనిషి నోట్లో బియ్యం వేసే వరసలో మొదట ఆయన్నే నిలబెట్టారు. బియ్యం వేశారు. చెయ్యి జేబు దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది. పెన్ను బయటికి రాలేదు.

అంతా అయ్యాక వాళ్ల వదిన మమ్మల్ని బావి దగ్గరికి తీసుకెళ్లింది. మోటారు గది తలుపు తీసింది. లోపల, ఈయన పంపిన పాత మోటారు వెనక గోడ మీద, పెద్ద పెద్ద వంకర అరవ అక్షరాలు. బొగ్గుతో రాసినవి, సుద్దతో రాసినవి, ఒకదాని కింద ఒకటి. అంతటా ఒకటే పేరు. పోయిన అన్న సొంత పేరే. పైన ఉన్నవి కూలబడ్డట్టుంటే, కిందికి వచ్చేకొద్దీ నిలబడ్డాయి. అన్నిటికన్నా కిందిది చక్కటి సంతకం.

"మనవరాలి దగ్గర నేర్చుకునె. నీళ్లు కట్టను వచ్చినప్పుడంతా రాస్తుండె" అంది వదిన. "రంగసామి వస్తే చూపియ్యాల అంటుండె. పోయి పిలుచుకు రానా అంటే, వేండాం, వద్దు, ఇంకా బాగా రానీ అనె."

మొదలాళి ఆ గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారు. వేలికి బొగ్గు అంటింది. దాన్ని ఆయన తుడుచుకోలేదు. తిరుగు ప్రయాణంలో కారు కోయంబత్తూరు శివారు సింగనల్లూరు దాటింది. అప్పుడు, "అన్నా నేనూ, ఇద్దరం ఒకటే మాదిరి అమ్మిణీ" అన్నారు.

ఆ తర్వాత ఆయన లేత్ ముట్టుకోలేదు. దాన్నీ, ఆ పెన్నునూ నా చేతికిచ్చి, ఎక్కువ కాలం ఉండకుండానే వెళ్లిపోయారు. ఆ పెన్నుతో ఇంతవరకూ ఎవరూ ఒక్క గీత గీయలేదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు బాధ కన్నా ముందు కోపం వస్తుంది. ఆయన మీదే. నిదానమే ప్రధానం అని నేర్పిన మనిషి, ఆలస్యం అమృతం విషం అని కూడా పెద్దలే అన్నారని ఎందుకు మరిచిపోయినట్టు?

ఈ ఉదయం లేత్ మీద ఎక్కించిన ముక్క నిన్న ఒకమ్మాయి తెచ్చింది. వాళ్ల నాన్న నాటిన చెట్టు కొమ్మ. ఆయన ఆసుపత్రిలో ఉన్నాడట, ఇద్దరికీ చాలా కాలంగా సరిగ్గా మాటల్లేవట. పట్టుకుంటేనే తెలిసింది, పచ్చి. మొదలాళి అయితే చెయ్యనే చెయ్యరు, వచ్చే ఏడు రమ్మని పంపేస్తారు. నేను స్టూలు మీంచి లేచి లేత్ మళ్లీ వేశాను. ఆ అమ్మాయికి ఫోను చేసి, సాయంత్రానికే వచ్చి తీసుకెళ్లమన్నాను.

"అక్కా, ఇది పచ్చి, పగులుతుందంటిరే?"

"పగలనీ. పగిలితే ఇంకొకటి చేసిస్తా. నువ్వు ముందు ఆయన చేతికియ్యి."