ఫిల్మ్ నగర్ పియానోలో టకటక

యూసుఫ్‌గూడ నర్సింహ మొదట్లో హార్మోనియంలు బాగుచేసేవాడు. పియానో పని ఎక్కడ నేర్చావయ్యా అంటే, "ఇప్పిన, సూసిన, మల్ల బిగించిన" అనేవాడు. ఫిల్మ్ నగర్‌లో మా రికార్డింగ్ థియేటర్‌లోని గ్రాండ్ పియానోకి అతనే వైద్యుడు. పనికన్నా కబుర్లెక్కువ, అయినా మనిషి బంగారం.

తొంభై రెండులో ఆ పియానోకి ఓ జబ్బు పట్టుకుంది. మెట్టు నొక్కితే స్వరంతోపాటు లోపల్నుంచి టక్‌మని చప్పుడు. మామూలు చెవికి ఆనదు, మైకు మాత్రం వదలదు. సౌండ్ ఇంజనీరుని కదా, అది వింటే నాకు ఒళ్లు మండేది. సోమవారం రికార్డింగ్‌లో కూడా టక్కుమంటే పియానో అమ్మేసి, ఎలక్ట్రానిక్ కీబోర్డు తెప్పిస్తానని మా ఓనరు తేల్చేశాడు. దాన్ని వాయించడానికి కొత్త కుర్రాళ్లున్నారు. పియానో తప్ప మరోటి ముట్టని మా పియానిస్టు అచ్యుతరామయ్యగారు ఈ వయసులో ఇంటికెళ్లాల్సిందే. ఆయన పియానో మూత తుడుస్తూ కూర్చున్నారు.

నర్సింహ వచ్చి, మెట్లూ, తీగల్ని కొట్టే చిన్న సుత్తులూ ఉన్న చట్రాన్ని సొరుగులా బయటికి లాగాడు. అరిగిన ఫెల్టు ముక్కలు మార్చి లోపలికి తోశాడు. టక్. సుత్తుల పిన్నులు బిగించాడు. మళ్లీ టక్.

"నువ్వు హార్మోనియంలే చూసుకోవయ్యా!" అని విసుక్కున్నాను.

అతను చట్రం మళ్లీ లాగి, అది కూర్చునే పలకని అరచేత్తో మెల్లగా తడిమాడు. చెయ్యి తీసి చూస్తే, పసుపు రాసిన బియ్యపు గింజలు.

"చట్రం కింద గివి ఇరికినయ్ సార్. గందుకే సక్కగ కూసుంటలేదు, కొట్టుకుంటున్నది. గిండ్లకు ఎట్లొచ్చినయ్?"

అచ్యుతరామయ్యగారి మొహం పాలిపోయింది. "నేనే నర్సింహా. ఏటా ఆయుధపూజకి చల్లుతున్నాను. ఈ పియానోని నాకు దూరం చెయ్యకు తల్లీ అని దండం పెట్టుకుని మరీ చల్లాను."

నవ్వబోయి ఆగిపోయాను. నర్సింహ గింజలన్నీ ఏరి, పారెయ్యకుండా రుమాల్లో మూట కట్టాడు.

"తల్లి మీ మాట ఇన్నది సార్. ఫికర్ చెయ్యకుండ్రి, వాయించుండ్రి."

ఆయన వాయించారు. స్వరం తప్ప ఏమీ వినపడలేదు. సోమవారం రికార్డింగూ అలాగే జరిగిపోయింది. ఓనరు మళ్లీ కీబోర్డు మాట ఎత్తలేదు.

ఆ దసరాకి పియానోకి బొట్టు పెట్టి, దండ వేసి, అచ్యుతరామయ్యగారు అలవాటుగా అక్షింతలు గుప్పిట్లోకి తీసుకున్నారు. "అయ్యో సార్, అండ్ల వొద్దు!" అంటూ నర్సింహ చేతులు చాచి పియానోకి అడ్డంగా నిలబడ్డాడు.

"దానికి కాదులేరా, నీకే. నూరేళ్లు చల్లగా ఉండు" అని ఆయన అతని నెత్తిన చల్లారు.

నర్సింహ వంగి ఆయన కాళ్లు మొక్కాడు. గింజలు రాలి పియానో వైపు పోకుండా, ఒక చెయ్యి నెత్తి మీద అడ్డం పెట్టుకునే మొక్కాడు.