లేని నేవీకి గీసిన గస్తీ పడవ

మా ఆవిడకి నేనంటే గౌరవమే గానీ, నేను కొలిచిన కొలతంటే లేదు. గుమ్మానికి పరదా గుడ్డ కొనడానికి చీరాల వెళ్లినప్పుడల్లా, నేను చెప్పిన పొడుగుకి కొట్లో ఇంకో జానెడు కలిపి చెబుతుంది. "మీ కొలతతో కుట్టిస్తే పరదా మోకాళ్ల దాకే వస్తుందండీ" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ని.

మార్టూరు దగ్గర ఒక గ్రానైట్ యార్డులో కొలతలు తీయడం నా పని. క్వారీ నుంచి బ్లాకు దిగగానే టేపు పెట్టి పొడుగు, వెడల్పు, ఎత్తు గట్టిగా చెబితే గుమాస్తా రాసుకుంటాడు. మిరపకాయల బస్తాకి తరుగు తీసినట్టే రాయికీ తీస్తారు. అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి ప్రతి కొలతలోనూ రెండేసి వేళ్లు పోనివ్వాలి. టేపు మీద కనిపించేది కాదు, తరుగు పోగా మిగిలింది చెప్పాలి. చేరిన కొత్తలో మనసులో తీసివేత చేసుకుని చెప్పేవాణ్ని. పద్నాలుగేళ్లయ్యాక అది జరుగుతున్నట్టే తెలియడం మానేసింది.

అంతకు ముందు విశాఖలో పడవలు గీసేవాణ్ని. ఒక షిప్‌యార్డు డ్రాయింగు హాల్లో మూడేళ్ల కాంట్రాక్టు ఉద్యోగం. నేను మనిషిలా బతికింది ఆ మూడేళ్లే అని ఇప్పటికీ అనుకుంటాను. కాంట్రాక్టు అయిపోయాక ఇంటికొచ్చి రెండేళ్లు మిరప వేశాను. తామర పురుగు తినగా నాకేమీ మిగల్లేదు. అలా వచ్చి రాళ్లలో పడ్డాను.

నిరుడు విశాఖలోనే ఒక పడవల డిజైను ఆఫీసు పోటీ పెట్టింది. ఎక్కడా లేని ఒక ద్వీప దేశాన్ని వాళ్లే కల్పించి, దానికో నేవీని కల్పించి, ఆ నేవీకి చిన్న గస్తీ పడవ గీసి పంపమన్నారు. ఇరవైనాలుగు మీటర్లు, తొమ్మిదిమంది సిబ్బంది, లోతు తక్కువ నీళ్లలో తిరగాలి. నెగ్గినవాళ్లకి డ్రాయింగు హాల్లో ఉద్యోగం. నలభై దాటినవాళ్లు పనికిరారు. నాకు నలభై నిండడానికి నాలుగు నెలలుంది. ఆ ప్రకటన చదివి నేనెంత సిగ్గులేకుండా ఆశపడ్డానో చెప్పలేను.

యార్డుకి సెలవున్న రోజుల్లో, పొద్దున్నే మంచం పక్కకి జరిపి నేల మీద కాగితాలు పరుచుకునేవాణ్ని. బయట కల్లంలో మిరపకాయలు ఎండుతుంటే ఇద్దరం తుమ్ముతూనే ఉండేవాళ్లం.

"లేని దేశానికి నేవీ ఏంటండీ? ఎవర్ని కాపలా కాస్తారు?" అంది మా ఆవిడ.

"చేపలు పట్టేవాళ్లని."

"వాళ్లన్నా ఉన్నారా?"

అలా వేళాకోళం చేస్తూనే కాగితం మీదికి వంగి అంతా చూసేది. వంటగది ఇంజను గదికి ఆనుకుని ఉండటం చూసి, "ఆ తొమ్మిదిమందీ ఏం తినాలి, డీజిలు వాసనా?" అని కోప్పడింది. ఆమె మాట నిజమే. వంటగదిని ముందుకి జరిపి, దానికో కిటికీ పెట్టాను. ఆ పడవలో నాకు బాగా నచ్చింది ఆ కిటికీయే.

చివరికి బరువుల పట్టిక మిగిలింది. పడవకి పట్టే ప్రతి ఇనప రేకు, ప్రతి పక్కటెముక, ప్రతి చిన్న ముక్కా డ్రాయింగు మీద కొలిచి, బరువు కట్టి రాయాలి. కంప్యూటరు కట్టేస్తుంది గానీ, నేను నేర్చుకున్నది చేత్తో కట్టడం. కంప్యూటర్ని నమ్మడం నాకు చిన్నతనంగా అనిపించింది. వందల ముక్కలు. మా ఆవిడ స్కేలు అందుకుని, "నేను కొలిచి చెబుతుంటాను, మీరు రాసుకోండి" అంది.

"ఇది పరదా గుడ్డ కాదు. నువ్వు చెయ్యి పెట్టకు" అన్నాను.

స్కేలు అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పట్టిక మూడు సెలవు రోజుల్లో నేనొక్కణ్నే పూర్తి చేశాను. లెక్క ప్రకారం పడవ ఎక్కడిదాకా మునగాలో అక్కడిదాకానే మునుగుతోంది, అడిగిన వేగం కన్నా కాస్త ఎక్కువే వస్తోంది. పంపేసిన రోజు ఇద్దరం వాడరేవు వెళ్లి సముద్రం ఒడ్డున వేడివేడిగా బజ్జీలు తిన్నాం. విశాఖలో అద్దెలెలా ఉంటాయని అడిగింది. తెలిసినట్టే చెప్పాను.

జవాబు నలభై నిండిన వారానికి వచ్చింది. గీత చాలా బాగుందన్నారు. వంటగదికి కిటికీ పెట్టినవాళ్లు ఇంకెవరూ లేరని కూడా రాశారు. కాకపోతే బరువుల పట్టికలో ఒక్క ముక్క కూడా నిజం కొలతలో లేదు. ప్రతి పొడుగూ, ప్రతి వెడల్పూ కొద్దికొద్దిగా తక్కువ. చిన్న ముక్కల్లో ఆ కొద్దే చాలా ఎక్కువ. అసలు బరువుతో చూస్తే పడవ లోతుగా కూర్చుంటుంది, అడిగిన వేగం అందుకోదు, అల కాస్త పెద్దదైతే వెనక డెక్కు మీదికి నీళ్లెక్కుతాయి. ఇందులో మనుషుల్ని పంపలేమని రాశారు.

నేను డ్రాయింగు తీసి, ఒక్క రేకు మీద స్కేలు పెట్టి, పట్టికలో రాసిన అంకె చూశాను. అసలు పడవ కొలతకి సరిగ్గా రెండు వేళ్లు తక్కువ. ఇంకోటి చూశాను. రెండు వేళ్లు. మూడోది చూడబుద్ధి కాలేదు. పడవకి తరుగు తీశాను. ఇనప రేకుకి ఎగుడుదిగుడు అంచులుంటాయా? నా మీద నాకే అసహ్యం వేసింది.

ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వి ఉంటే బాగుండేది. ఆ పట్టిక తనవైపు తిప్పుకుని, "నన్నొక చెయ్యి వెయ్యనిచ్చి ఉంటే, కలిపేదాన్ని కదండీ" అంది.

మర్నాడు యార్డులో మొదటి బ్లాకు దిగింది. ఈ ఒక్కసారికి టేపు మీద ఎంతుంటే అంతే చెప్పాలని గట్టిగా అనుకుని వంగాను. అంకె కళ్ల ముందే ఉంది. నోరు తెరిస్తే తరుగు పోయిన కొలతే వచ్చింది. గుమాస్తా రాసుకున్నాడు.