హార్మోనియం వెనక దగ్గు

ముందే చెబుతున్నాను, నాకు ఉన్నదానికి నాలుగింతలు కలిపి చెప్పే జబ్బుంది. పప్పులో నీళ్ళెక్కువైతే మంజీర పొంగిందంటాను. కాబట్టి కొంత తీసేసి చదవండి. ఏది తీసేయాలో చివర చెబుతాను.

మా నాటకాలకు అన్నే హార్మోనియం. సొంత అన్న కాదు, బోధన్ దగ్గర చెరకు రైతు. తెర పక్కన కూర్చుని వాయించేవాడు. చెరకు నరికే రోజుల్లో మాత్రం రాలేడు. అందుకని ఆ సంగీతమంతా క్యాసెట్‌లోకి ఎక్కించుకుందామని మొదటిసారి స్టూడియోకు పోయాం.

స్టూడియో అంటే నిజామాబాద్‌లో పసుపు గోదాం మీద ఓ గది. శబ్దం తిరిగి కొట్టకుండా గోడలకు పసుపు గోనెసంచులు బిగించారు. చప్పుడొస్తుందని ఫ్యాను ఆపేశారు. తబలా మీద దెబ్బ పడ్డప్పుడల్లా కిలో పసుపు లేచేది. అరగంటలో అందరం పెళ్ళికొడుకులమయ్యాం.

ఎక్కించాల్సింది కొడుకు పోయాడని తెలిసి తండ్రి కూలబడే ఘట్టం. ఆ తండ్రి వేషం నాది. అన్న ఊపిరి బిగబట్టి వాయించాడు. చివరి స్వరం సాగుతుండగానే దగ్గేశాడు. దగ్గు టేపులోకి ఎక్కగానే కరెంటు పోయింది.

"మల్ల వాయిద్దామా అన్నా?"

"వద్దు తమ్మీ. దగ్గు ఇనవడంగనే నువ్వు ఏడుపు షురూ చెయ్యి. లేకుంటే ఎప్పుడు ఏడ్వాల్నో నీకే ఎర్కుండది."

అప్పటి నుంచి ఆ దగ్గు వినపడగానే నా కళ్ళు కారేవి. ఇందల్వాయిలో ఆడినప్పుడు ముందు వరుసవాళ్ళు గొడుగులు విప్పారు.

మొన్న అన్న పోయాడు. కాష్ఠం దగ్గర నుంచి వచ్చి స్నానం చేశాను, చాయ్ తాగాను. బిస్కెట్ మెత్తబడిందని కూడా అనుకున్నాను. అంతే.

వదిన పిలిచింది. "దినాల నాడు గా ఏడుపు సీను ఒక్కటి ఇంటిముంగట ఆడుర్రి. నాకైతే ఏడుపే వస్తలేదు. నువ్వన్నా ఏడువు."

క్యాసెట్ పాతబడింది. కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఇప్పటి స్టూడియోకు తీసుకుపోయాను. అక్కడతను వింటూ వింటూ ఆపాడు.

"సార్, గీడ ఎవలో దగ్గిండ్రు. తీసేస్తున్న."

"ముట్టకు."

"మంచి హార్మోనియం సార్, ఖరాబైతది."

"గా దగ్గే మా అన్న. మిగిలిందంతా హార్మోనియం."

అతను మౌస్ మీంచి చెయ్యి తీశాడు. మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. దగ్గు వచ్చింది. నిజాంసాగర్ గేట్లెత్తినట్టు నా కళ్ళు దూకాయి. తడుస్తుందని అతను కంప్యూటర్ మీద అంగీ కప్పాడు.

ఇక తీసేయాల్సింది. గోనెసంచులు నిజం, దగ్గు నిజం. గొడుగులూ నిజమే, ఆ రోజు తుంపర పడుతోంది. ఇప్పటి స్టూడియోలో కన్నీళ్ళే నేను కల్పించాను. ఒక్క చుక్క రాలేదు. అతను అంగీ విప్పనూ లేదు.

దినాల నాడు వదిన ఎదురుగా కూర్చుంటుంది, నా ఏడుపు కోసం.

"ఇంకోపారి పెట్టు" అన్నాను. పెట్టాడు.