అన్నాచ్చి చూసిన తెలుపు

శివకాశిలో క్యాలెండర్లు అచ్చువేసే ఆ ప్రెస్సులో వేల్‌మయిల్ ముప్పై నాలుగేళ్ళుగా రంగులు సరిచూస్తున్నాడు. ఆయన చూసి, మూలన సంతకం గీకితేనే నమూనా కాగితం మెషీను ఎక్కుతుంది. ప్రెస్సులో చిన్నాపెద్దా అందరికీ ఆయన అన్నాచ్చి, అంటే పెద్దన్న.

ఆడి నెల పద్దెనిమిదో నాటి పండక్కి, వ్యాపారులకు చూపించే కొత్త ఏడాది క్యాలెండర్ల ఆల్బం బయటికి రావాలి. ఇంకా మూడు వారాలుందనగా డిజైన్లు చేసే ఝాన్సీ బల్లమీదికి కొత్త మానిటర్ వచ్చింది. బల్ల ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఉంది. అందులో మురుగన్ నెమలిని తెరిస్తే తిరునాళ్ళ లైట్లలా ధగధగలాడింది. అదే అచ్చుకొట్టి చూస్తే వానలో తడిసిన నెమలి.

"అన్నాచ్చీ, మీరొచ్చి ఒక్కసారి చూడండి. నాకు అంతుపట్టడం లేదు," అంది ఝాన్సీ.

"ముందు ఆ వెలుగు తగ్గించు తల్లీ. కాగితం దీపమా, అంతలా వెలగడానికి?"

కిటికీ వెలుతురులో తెల్లకాగితం పట్టుకుని పక్కన కూర్చున్నాడు. పని నేర్పిన శంకరపాండి వాద్యార్ గుర్తొచ్చాడు. గాజుబల్లకింద దీపం పెట్టి, ఫిల్ముమీద సన్నకుంచెతో ఒక్కో చుక్కా దిద్దించేవాడు. "తెలుపు కుదిరిందా లేదా, అది చూడరా ముందు," అని నెత్తిమీద మొట్టేవాడు. ఆ కుంచె వాసన, సిరా అంటిన ఆ వేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

"తెలుపు పసుప్పచ్చగా ఉందమ్మా. ఇంకాస్త నీలం పెంచు."

"ఇప్పటికే నీలంగా ఉందన్నాచ్చీ!"

"నాకే చెప్తావా?"

ఝాన్సీ పెంచింది. వేల్‌మయిల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఎందుకో ఎడమ కన్ను మూశాడు. తెర నీలిమందు పెట్టిన పంచెలా కనిపించింది. కుడి కన్ను మూశాడు. పాత నెయ్యిలా పచ్చగా ఉంది. కుడి కంటికి మొన్న ఎండాకాలం చిత్తిరై నెలలోనే మదురైలో శుక్లం తీశారు. ఎడమ కంట్లో అది పచ్చగా అలాగే ఉంది.

లేచి బీరువా తెరిచి, ఆరేళ్ళ నమూనాలు కిందికి దించాడు. కుడి కంటితో చూస్తే తను సంతకం చేసినవన్నీ నీలం తిరిగి ఉన్నాయి. వాటి పక్కన పెట్టిన, అచ్చయి వచ్చిన క్యాలెండర్లు మాత్రం చక్కగా ఉన్నాయి.

ఆ నమూనాలు చంకలో పెట్టుకుని మెషీను దగ్గరికి పోయాడు. దాన్ని నడిపే మాడసామి, ఆయనా ఒకే నెలలో పనిలో చేరారు.

"ఒరేయ్, నేను సంతకం పెట్టాక నీలం సిరా తగ్గించి కొడుతున్నావా నువ్వు?"

మాడసామి సిరా తొట్టె తుడుస్తూ, "కొంచెమేలే," అన్నాడు.

"ఆరేళ్ళ నుంచా? నాకు చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే రోషంతో పని మానేసి ఇంట్లో కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలీదూ? తర్వాత నేనెవడితో టీ తాగాలి?"

వేల్‌మయిల్‌కి కోపం రావాలి. రాలేదు. కుర్రతనంలో ముసురు రోజుల్లో కాగితం చెమ్మకు సాగి, రంగులు పక్కకు జరిగిపోయేవి. ఇద్దరూ కాస్త ఎండ కనిపిస్తే చాలు, తాళ్ళు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తి తావులు ఆరేసేవాళ్ళు. ఓసారి గాలికి రెండు వందల లక్ష్మీదేవులు గోడ దాటి పోతే, వీధివీధీ తిరిగి ఏరుకొచ్చారు. అది గుర్తొచ్చి, చంకలోని నమూనాలు తీసి పక్కన పెట్టాడు.

"పద, టీకి," అన్నాడు చివరికి.

తిరిగొచ్చి ఝాన్సీ పక్కన కూర్చున్నాడు. "నీ మాటే నిజం తల్లీ. నా కన్నే మోసం చేసింది. ఇప్పుడు నేను అడుగుతుంటాను, నువ్వు చూసి చెప్పు."

వెలుగు మూడోవంతుకు దించారు. నీలం మెట్టుమెట్టుగా తగ్గించారు. తెర తెలుపు, చేతిలో కాగితం తెలుపు ఒకటయ్యాయని ఝాన్సీ అన్నాక, ఆయన కుడి కంటితో చూసి తలూపాడు. సాయంత్రానికి నెమలి తెరమీద ఎలా ఉందో కాగితం మీదా అలాగే దిగింది.

ఆ ఏడు ఆల్బంలో నమూనాలన్నిటిమీదా రెండు సంతకాలున్నాయి, రెండోది ఝాన్సీది. ఆల్బం బయటికొచ్చిన మర్నాడు వేల్‌మయిల్ ఎడమ కంటి ఆపరేషనుకు మదురై బస్సెక్కాడు. తోడు మాడసామి వెళ్ళాడు.