టైలరక్క జీపు

వీధిలో అందరికీ ఆమె టైలరక్క. ఆ సాయంత్రం కుట్టుమిషను పక్కన బట్టలు లేవు, బోర్లా పడుకున్న రిమోట్ జీపు ఉంది. పోయిన వారం గుట్ట మీది నల్లబండ ఎక్కబోయి దాని ప్లాస్టిక్ గేర్లు అరిగిపోయాయి. ఈసారీ ఎక్కకపోతే జీపు తనదేనని ఆమె సొంత అక్క మొగుడు, బావ, పందెం కట్టాడు.

ఆమె స్టీలు గేర్లు బిగించింది. మోటారు గేరుకీ పెద్ద గేరుకీ నడుమ కాగితం ముక్క పెట్టి, స్క్రూ బిగించి, కాగితం లాగేసింది. పళ్లు ఒరుసుకోకుండా తిరగడానికి ఆ కాస్త సందు చాలు.

బల్ల మీద నడిపి చూస్తే ముందు చక్రాలు ముందుకీ, వెనక చక్రాలు వెనక్కీ తిరిగాయి!

గుమ్మంలో బావ పడీపడీ నవ్వాడు. "ఏం మరదలా, నీ బండికి పుట్టిల్లు వదలాలని లేదా?"

"నవ్వు బావా, నవ్వు. కాసేపట్లో ఆ పళ్లు లోపల పెట్టుకుందువుగాని."

వెనక ఇరుసు విప్పగానే తెలిసింది. కొత్తలో చొక్కాకి చేతులు తారుమారు చేసి కుట్టినట్టే, లోపలి గేరుని కుడివైపు పెట్టాల్సింది ఎడమవైపు పెట్టింది. మార్చి బిగించి, గుట్టకు పరుగెత్తింది. వెనకే బావ.

వాలే ఎండలో జీపు నల్లబండను బల్లిలా కరుచుకుంది. సగంలో ఒక ముందు చక్రం గాలిలోకి లేచింది. ఆమె రిమోటు మీట వదల్లేదు. అప్పుడు ఆ వెనక చక్రాలే కిందనుంచి మెల్లగా తోశాయి. జీపు ఆకాశానికి ఆనుకుని నిలబడింది.

"ఎక్కేసింది!" ఆమె గెంతులేసింది.

బావ చెయ్యి చాపాడు. "ఆ రిమోటు ఒక్కసారి ఇవ్వవే."

"ముందు చెప్పు, బండి ఎవరిది?"

"నీదేనే తల్లీ, నీదే!"